కళ్ళ చప్పుడు

జూన్ 2, ఆదివారం

బావగారికి,

మీ చెల్లెలు శుక్రవారం నీలం సంచీ, నా గొడుగు పట్టుకుని మీ ఇంటికి క్షేమంగా చేరే ఉంటుంది. గొడుగు సంగతి ఎందుకు రాస్తున్నానంటే, కోపం వచ్చి వెళ్ళిపోయే మనిషి మొగుడి గొడుగు పట్టుకెళ్ళిందంటే మళ్ళీ తిరిగొచ్చే ఉద్దేశం ఎక్కడో ఉందని నా ఆశ. మీరేమంటారు?

ఆమె మీకు చాలా చెప్పి ఉంటుంది. తను మాట్లాడుతుంటే నేను గోడ వైపు చూస్తానని, లేకపోతే కళ్ళు మూసుకుంటానని, పందొమ్మిదేళ్ళు కాపురం చేసి చివరికి గోడకి సవతినయ్యానని. చివరి మాట తప్ప మిగతావన్నీ నిజమే. కారణం రాస్తున్నాను. దయచేసి నవ్వకండి.

నా కనుగుడ్లు కదిలితే నాకు చప్పుడు వినిపిస్తోంది. కుడివైపు చూస్తే కిర్రు. ఎడమవైపు చూస్తే మళ్ళీ కిర్రు. ఎండు చెక్క మీద గరుకు కాగితం రుద్దినట్టు ఉంటుంది. రెండేళ్ళుగా ఇదే వరస. మొదట్లో ఇంట్లో ఎలక దూరిందనుకున్నాను. ఎలక కోసం అటూ ఇటూ చూసినకొద్దీ ఎలక ఎక్కువైంది.

నా ఉద్యోగం మీకు తెలుసు కదా. బస్సులు, రైళ్ళ సమయాల పట్టికలు అచ్చేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం. రోజుకి ఆరువేల అంకెల మీద చూపు నడపాలి. ఆరువేల కిర్రులు భరించలేక ఒక ఉపాయం చేశాను. అట్టముక్కకి వేలెడంత కిటికీ కోసి బల్లకి అతికించాను. చూపు ఆ కిటికీ మీదే నిలిపి, కాగితాన్ని కింద నుంచి లాగుతాను. కళ్ళు కదలవు, కాగితమే కదులుతుంది. పోయిన వారం, బయల్దేరకముందే గమ్యం చేరిన రైలుని ఇలాగే పట్టుకున్నాను. మేనేజరు మెచ్చుకున్నాడు. కానీ మీ చెల్లెల్ని అలా కిటికీ కిందనుంచి లాగలేను కదండీ.

ఆమెకి ఈ సంగతి చెప్పలేదు. చెబితే పిచ్చివాణ్ణనుకుంటుందని భయం. చెప్పకపోయినా అదే అనుకుంది. మీరు మెల్లగా నచ్చజెప్పి పంపించండి. ఆమె లేకపోతే ఇల్లు బొత్తిగా బాగాలేదు.

చెవులు రిక్కించుకుని జవాబు కోసం కూర్చున్న,
మీ బావ


జూన్ 7, శుక్రవారం

బావా,

నవ్వొద్దన్నావు, నేను నవ్వలేదు. మీ అక్కయ్య నవ్వింది. ఆవిడ నవ్వుతుంటే భార్యని ఒంటరిగా వదిలెయ్యకూడదని నేనూ కాసేపు తోడిచ్చాను.

తర్వాత కోపం వచ్చింది. చెల్లి చెప్పింది విన్నావా? అదేలే, ఎక్కడ విన్నావు, గోడ చూస్తున్నావుగా! అది నుదుటి మీద జుట్టు కత్తిరించుకుని, కొత్త బట్టలు కట్టుకుని నీ ఎదురుగా నిలబడి "ఎలా ఉంది?" అనడిగితే, నువ్వు కళ్ళు గట్టిగా మూసుకుని "చెప్పు, వింటున్నాను" అన్నావట. ఏ ఆడదైనా ఏమనుకోవాలి? చెవిటివాడి ముందు శంఖం ఊదినా ఆ చెవిటివాడు కనీసం ఊదేవాళ్ళ బుగ్గలు చూస్తాడు.

ఇక నీ కళ్ళ చప్పుడు. ముప్ఫై ఏళ్ళుగా కుట్టుమిషన్లతో బతుకుతున్నవాణ్ణి, నాకు చెప్పకు. కిర్రుమన్నదల్లా నూనె అడుగుతోందని అర్థం. కన్ను తడి వస్తువు, దానికి నూనెతో పనిలేదు. కిర్రుమంటున్నది మీ తలుపు. నువ్వు అటు చూసినప్పుడల్లా గాలికి అది కదులుతోంది, నువ్వేమో నెపం కంటి మీద వేస్తున్నావు. దీంతోపాటు మిషన్ నూనె సీసా పంపుతున్నాను. తలుపు బందులకి మాత్రమే. నీ సంగతి తెలుసు కాబట్టి పెద్ద అక్షరాలతో రాస్తున్నాను, కంట్లో పోసుకోకు.

ఒక్కటి మాత్రం చెవిన వేసుకో. షాపు మీద గుడ్డలు పడేసుకునే గది ఉంది చూడు, చెల్లి అది తనకిమ్మని అడుగుతోంది. "గోడతో చెప్పుకునే మాటలే అయితే ఆ గది గోడతోనూ చెప్పుకుంటాను" అంది. నిన్న కిటికీ తుడిచింది. దాని స్వభావం నాకు తెలుసు. ఆ కిటికీకి కర్టెను కట్టిందంటే ఇక నువ్వొచ్చి బతిమాలినా కదలదు. మీ సంబంధం కుదిర్చింది నేను. మనిషి నెమ్మదస్తుడని మా అమ్మకి మాటిచ్చింది నేను. ఇంత నెమ్మదస్తుడివని నాకు మాత్రం ఏం తెలుసు!

కత్తెర చేతిలో ఉండగానే రాసిన,
నీ టైలరు బావ


జూన్ 13, గురువారం

బావగారికి,

నూనె అందింది. ఇంట్లో తలుపులు ఏడు, కిటికీలు ఆరు, నా కుర్చీ, ఫ్యాను, పక్కింటివాళ్ళ గేటు, అన్నిటికీ పోశాను. ఇప్పుడు ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే నా కళ్ళు ఇంకా స్పష్టంగా వినిపిస్తున్నాయి. పక్కింటివాళ్ళు మీకు కృతజ్ఞతలు చెప్పమన్నారు.

డాక్టర్ల దగ్గరికి వెళ్ళాను. కళ్ళ డాక్టరు పరీక్ష చేసి "మీ కళ్ళు భేషుగ్గా ఉన్నాయి, చెవులకి చూపించండి" అన్నాడు. చెవుల డాక్టరు దీపం వేసి చూసి "చెవులు అద్దంలా ఉన్నాయి, మనసు డాక్టరుకి చూపించండి" అన్నాడు. మనసు డాక్టరు తలుపు వేసి, గొంతు తగ్గించి, "మీ కళ్ళు మీతో ఏమంటున్నాయి?" అనడిగాడు. "మాటలు కాదండీ, ఉత్త చప్పుడే" అన్నాను. ఆయన కాస్త నిరాశపడ్డాడు. అయినా నేను చెప్పిందంతా ఓపిగ్గా రాసుకుని, "మతి తేడా చేసినవాళ్ళు ఇంత వరుసగా, తారీకులతో చెప్పరు. మీది మనసులో జబ్బు కాదు" అని మళ్ళీ ఇంకో చెవుల ఆసుపత్రికి చీటీ రాసిచ్చాడు. వచ్చే వారానికి పిలిచారు.

మీ చెల్లెలితో నేనే వివరంగా చెప్పుకోవాలి, కానీ ఆమెకి రాసిన ఉత్తరం విప్పకుండానే తిరిగొచ్చింది. కాబట్టి ఈ రెండు ముక్కలు మీరే ఆమెకి చెప్పండి. ఆమె మొహం చూస్తుంటే నాకు లోపల ఒకటే గోల. గోడ చూస్తే ప్రశాంతంగా ఉంటుంది. ఈ మాట వింటే ఆమెకి అంతా అర్థమవుతుంది.

వృత్తి ధర్మంగా ఈ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తప్పులేమీ లేవు.

కర్టెను కట్టకముందే జవాబు కోరుతూ,
మీ బావ


జూన్ 18, మంగళవారం

ఓయి మహానుభావా,

నువ్వు చెప్పమన్న రెండు ముక్కలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. అక్షరం మార్చలేదు. మార్చి ఉంటే బాగుండేది.

అప్పుడు అది కాజాలు కుడుతోంది. విని, సూది గుడ్డకి గుచ్చి, "నా మొహం గోలా?" అంది. తర్వాత "గోడ ప్రశాంతమా?" అంది. టేపు తీసుకుని మెట్లెక్కి పైకి వెళ్ళి కిటికీ కొలుచుకొచ్చింది. ఎత్తు నలభై ఎనిమిది, వెడల్పు ముప్ఫై ఆరు. నా దగ్గరున్న మంచి గుడ్డే ఏరుకుంది. నా చెల్లెలి కాపురం కూలిపోతుంటే గుడ్డ ఎంత కావాలో లెక్క కట్టినవాణ్ణి నేనే, ఇంకేం చెప్పమంటావు! ప్రూఫులు దిద్దేవాడివి, ఆ వాక్యం కింద ఎర్ర గీత గియ్యాలని తోచలేదా?

ఇక్కడ నా పరువు సంగతీ విను. నీ మాటలో నిజమెంతో తేల్చుకుందామని, కొలతలు చూసుకునే చిన్న గదిలో తలుపేసుకుని నిలబడి, నా కళ్ళు అటూ ఇటూ తిప్పి చూశాను. అరగంట. ఏ చప్పుడూ లేదు. తలుపు తీసేసరికి ఎదురుగా పోస్టాఫీసు ఉద్యోగి ప్యాంటు పట్టుకుని నిలబడ్డాడు. నా కళ్ళు ఇంకా అలవాటు మీద తిరుగుతున్నాయి. ఆయన ప్యాంటు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. మర్నాటికల్లా "టైలరుకి ఏదో అయింది, వాళ్ళ బావకి కూడా అదేనట, అంటుకుంటుందట" అని వీధి వీధంతా చెవులు కొరుక్కుంది. గోరంత నీ జబ్బు కొండంతై నా షాపు మీద కూర్చుంది.

డాక్టరు ఏమన్నాడో తొందరగా రాయి. కర్టెను మడత పెట్టడం అయిపోయింది, ఇక కుట్టడమే మిగిలింది. "ఈ వారం మిషను ఖాళీ లేదు" అని ఆపుతున్నాను. ఎన్నాళ్ళని ఆపను?

గిరాకీ లేని,
టైలరు బావ


జూన్ 27, గురువారం

బావగారికి,

దొరికింది! నా జబ్బుకి పేరుంది! రెండు వరుసల పొడుగు పేరు. రిపోర్టులో దాని స్పెల్లింగు ఒకచోట తప్పు పడితే ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చాను.

ఈ ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నది, పాతికేళ్ళు దాటి ఉండవు. రెండు కొమ్ముల ఉక్కు పుల్ల ఒకటి తీసి బల్లకి కొట్టింది. అది జుమ్మంది. దాన్ని నా చెవి దగ్గర పెడుతుందనుకుని తల వంచాను. కానీ ఆమె వంగి నా కుడికాలి చీలమండ మీద పెట్టింది.

"వినిపిస్తోందా అండీ?"

"వినిపిస్తోందమ్మా."

"ఎక్కడ?"

"చెవిలో."

ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. కారిడార్లోకి పరుగెత్తి పద్నాలుగు మందిని వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళంతా వరుసగా నా చీలమండ, మోకాలు, మోచెయ్యి మీద ఆ పుల్ల పెట్టడం, నేను వినిపిస్తోందనడం, వాళ్ళు ఆహా అనడం. ఒక విద్యార్థి నా మూసిన కన్ను మీద స్టెతస్కోపు ఆనించి "నాకూ వినిపిస్తోంది మేడమ్" అన్నాడు. అబద్ధం. ఆ క్షణాన నేను కన్ను కదపలేదు. బావగారూ, నలభై ఆరేళ్ళ బతుకులో నన్ను చూసి ఇంతమంది ఒకేసారి సంతోషించింది ఇదే మొదటిసారి.

స్కాన్ తీశారు. చెవి లోపల, మనం పడిపోకుండా నిలబెట్టే సన్నటి గొట్టాలు మూడుంటాయట. వాటిలో ఒకదాని మీద కప్పుగా ఉండాల్సిన ఎముక నాకు కుడిచెవిలో ఒకచోట అరిగిపోయి చిల్లు పడింది. గుండుసూది తలంత చిల్లు. ఒంట్లో పుట్టే చప్పుళ్ళన్నీ అందులోంచి దూరి చెవిలో మోగుతున్నాయి. కళ్ళు ఒక్కటే కాదు, నేను నడిచినా, నమిలినా మోగుతుంది. లక్షల్లో ఒకరికి ఉంటుందట. చాలామంది నాలాగే ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పకుండా తిరుగుతారట, పిచ్చి అంటారని.

ఆపరేషన్ చేసి ఆ చిల్లు మూస్తారు. జూలై 15, సోమవారం. కాకపోతే ఆ కుడిచెవికి వినికిడి పూర్తిగా పోయే ప్రమాదం కొంత ఉందని, ఒప్పుకుంటూ సంతకం చెయ్యాలని చెప్పారు. ఇంకా చెయ్యలేదు. మీ చెల్లెల్ని అడగకుండా ఎలా చేస్తాను?

రిపోర్టు నకలు జతచేశాను. చీలమండ సంగతి ఆమెకి తప్పకుండా చెప్పండి.

పిచ్చి లేదని కాగితం ఉన్న,
మీ బావ


జూలై 2, మంగళవారం

బావా,

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని తలుపు బందుల దగ్గరే కూర్చున్నాను. మన్నించు. నూనె ఉంచేసుకో.

రెండో తప్పు కూడా ఉంది. నీ ఉత్తరం రాగానే ఉత్సాహం ఆపుకోలేక మా పిన్నికి ఫోనులో "బావకి తలలో చిల్లు పడింది" అని చెప్పాను. వివరం చెప్పేలోగా ఆవిడ ఫోను పెట్టేసింది. సాయంత్రానికి పదకొండు మంది బంధువులు వచ్చి చెల్లి చుట్టూ కూర్చుని ముక్కులు చీదారు. ఒకాయన "నిద్రలోనే పోయాడా?" అనడిగాడు. నేను చిల్లు ఎంతుందో చూపిద్దామని గుండుసూది తెచ్చాను. "అయ్యో, సూది గుచ్చుకుందా!" అని మళ్ళీ మొదలుపెట్టారు. చివరికి నీ రిపోర్టు గట్టిగా చదివాను. ఆ రోగం పేరు దగ్గర నాలుక మడతపడింది కానీ, నువ్వు బతికే ఉన్నావని మాత్రం అందరికీ అర్థమైంది. కొందరు కాస్త చిన్నబుచ్చుకుని వెళ్ళారు.

నా వరకు నాకిప్పుడు అంతా తేటతెల్లం. చిల్లు పడితే అతుకు వెయ్యాలి. ఆలస్యం చేస్తే పెద్దదవుతుంది. ఇన్నాళ్ళూ ఈ ముక్క చెప్పకుండా కళ్ళు, కళ్ళు అంటావేమయ్యా!

చెల్లి మాత్రం ఏడవలేదు. అందరూ వెళ్ళాక నా కత్తెర తీసుకుని, బల్లకేసి కొట్టి, తన చీలమండకి ఆనించుకుని చాలాసేపు కూర్చుంది. "ఏమైనా వినిపించిందా?" అన్నాను. "నాకెందుకు వినిపిస్తుంది" అంది. నిన్నొకటి అడగమంది. అది అన్నది అన్నట్టు రాస్తున్నాను, మళ్ళీ నామీదికి రాకండి ఇద్దరూ.

"నేను మాట్లాడుతుంటే ఆయనకి అసలేం వినిపిస్తుందో రాయమను. నిజం రాయమను."

కర్టెను సగం కుట్టింది. సూది దాంట్లోనే ఉంది. జాగ్రత్తగా రాయి బావా. ఈసారి నాలుగుసార్లు కాదు, పదిసార్లు చదువుకో.

టైలరు బావ


జూలై 6, శనివారం

బావగారికి,

ఈ ఉత్తరం ఒక్కసారి కూడా తిరిగి చదవడం లేదు. చదివితే కొట్టేస్తాను. మీరూ మధ్యలో చెప్పకుండా కాగితం ఆమె చేతికే ఇవ్వండి.

ఏం వినిపిస్తుందని అడిగింది. కళ్ళు కదిలితే కిర్రు. మెడ తిప్పితే పాత పేము కుర్చీలో ఎవరో కూర్చున్నట్టు. నడిస్తే నా మడమలే పై అంతస్తులో ఎవరో నడుస్తున్నట్టు దబ్బు దబ్బు. బిస్కెట్టు నమిలితే ఎదుటివాళ్ళు పెదవులాడించడం కనిపిస్తుంది, అంతే. వీటన్నిటితో సర్దుకున్నాను.

ఇంకొకటి ఉంది. అది గుండె. మామూలుగా మెల్లగా కొట్టుకుంటూ ఉంటుంది, పక్కగదిలో గడియారంలా. ఆమె గదిలోకి వస్తే పెరుగుతుంది. ఎదురుగా కూర్చుని మొహంలోకి చూస్తే ఇంకా పెరుగుతుంది. నుదుటి మీద జుట్టు కత్తిరించుకొచ్చి నిలబడిన రోజున, నిజం రాయమంది కాబట్టి రాస్తున్నాను, ఆమె పెదవులు కదిలాయి కానీ నాకు ఒక్క మాట వినబడలేదు. ఒళ్ళంతా దడదడ. అందుకే కళ్ళు మూసుకున్నాను.

పెళ్ళై పందొమ్మిదేళ్ళు. ఆమెని చూస్తే ఇప్పటికీ గుండె ఇలా కొట్టుకుంటుందని నాకే తెలియదు. చిల్లు పడ్డాకే తెలిసింది. అందరి గుండెలూ కొట్టుకుంటూనే ఉంటాయేమో, వాళ్ళకి వినబడదు, అంతే తేడా.

మొహం చూస్తే మాట పోతుంది. మాట వినాలంటే మొహం వదులుకోవాలి. ఏది ఉంచుకోవాలో తేల్చుకోలేక మాట ఉంచుకున్నాను. గోడ వైపు చూస్తూ ఆమె చెప్పిన ప్రతి మాటా విన్నాను. బావిలో నీళ్ళు తగ్గాయన్నది, చెప్పు తెగిందన్నది, నీలం సంచీ జిప్పు పాడైందన్నది, అన్నీ. ఇంత విన్నవాణ్ణి వినడంలేదని వెళ్ళిపోయింది. తప్పు నాదే. చెప్పలేకపోయాను. సిగ్గేసింది. ఈ వయసులో, సొంత భార్యని చూసి దడ అని ఎవరితో చెప్పను?

ఆమెని అడిగే చేద్దామనుకున్నాను, కానీ ఆసుపత్రివాళ్ళు గడువు పెడితే మొన్న కాగితం మీద సంతకం చేశాను. ఆమె ఎప్పుడూ నా కుడిపక్కనే కూర్చుంటుంది. పోతే ఆ చెవే పోతుంది. అందుకని 15వ తారీకు లోపల ఒక్కసారి ఆమె మాట వినాలని ఉంది. లేదా ఒక్కసారి మొహం చూడాలని ఉంది. రెండూ అడిగితే అత్యాశ. ఏదో ఒకటి ఆమెనే ఎంచమనండి.

భయంగా ఉంది బావగారూ.

మీ బావ


జూలై 10, బుధవారం

బావా,

ఉత్తరం దాని చేతికే ఇచ్చాను. నేను చదవలేదు. మీ అక్కయ్య చదివి, వచ్చి నన్ను ఎగాదిగా చూసి, "నీకెప్పుడైనా చిల్లు పడిందా?" అనడిగింది. నాకేం అర్థం కాలేదు. నువ్వేం రాశావో కానీ నా ఇంట్లోనూ చిచ్చు పెట్టావు.

చెల్లి కొలతలు గీసే ఖాకీ కాగితం చుట్ట అడిగింది. మూడువేళ్ళ వెడల్పున పట్టీలు కోసిమ్మంది. కోసి, చివరికి చివర అతికించి ఇచ్చాను. మొత్తం పన్నెండు అడుగులు. పైగదిలో కూర్చుని నిన్నంతా రాసింది. చుట్టచుట్టి ఈ కవర్లో పెడుతున్నాను. నీ బల్ల మీద అట్టకి కిటికీ ఉంది కదా, దాని కింద పెట్టి పై కొస పట్టుకుని లాగమంది. వరసకి ఒక్కటే మాట రాసిందట. కళ్ళు కదపక్కర్లేదు.

ముప్ఫై ఏళ్ళ వృత్తిలో మనుషులకి సరిపడా ఎన్నో కుట్టాను. మనిషి చూపుకి కొలిచి కోసింది మాత్రం ఇదొక్కటే.

నీ బావ


నేనే
రాస్తున్నాను.
కళ్ళు
కదపకండి.
కాగితం
లాగండి.
కర్టెను
విప్పేశాను.
దాంతో
మీకు
దిండు
గలీబు
కుట్టాను,
ఆసుపత్రికి.
ఆదివారం
పొద్దున
ఎనిమిదీ
పదికి
బస్సు.
మీ
పట్టికలోదే.
అంకె
తప్పైతే
మీదే
పూచీ.
గొడుగు
తెస్తున్నాను.
ఆపరేషన్
గదిలోకి
తీసుకెళ్ళేదాకా
మీ
ఎదురుగానే
కూర్చుంటాను.
మాటలు
తర్వాత
ఎడమచెవిలో
చెబుతాను.
ఆ
రోజు
మాత్రం
నా
మొహం
చూడండి.
గోలైతే
గోల.